అసౌకర్యానికి చింతిస్తున్నాం

కుర్చీల కార్ఖానా సరుకంతా కొనే విదేశీ ముసలాయన పోయాడని పొద్దున్నే కబురొచ్చింది. ముందు సంతాపం పంపేసి, తర్వాత పాలిష్ పని చూసుకుందామనుకున్నాడు యజమాని.

"ఇంగ్లీషులో, మనసుకు హత్తుకునేలా రాయవయ్యా," అన్నాడు గుమాస్తాతో.

గుమాస్తా ఇన్నేళ్ళూ ఆలస్యమైన సరుకు గురించీ, విరిగిన కుర్చీకాళ్ళ గురించీ తప్ప ఇంగ్లీషులో రాసి ఎరగడు. చేతికి అలవాటైన మాటలే వచ్చాయి: "మీ తండ్రిగారి మరణం వల్ల మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. ఇందుకు పూర్తి బాధ్యత మాదే."

మర్నాడు వాళ్ళ వకీలు జవాబిచ్చాడు. ముసలాయన పోయింది మీ కుర్చీ మీంచి పడే. అందులో లోపం ఉందని మీకు ముందే తెలుసా?

యజమాని ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. "కొంప ముంచావు గదయ్యా!"

"కంగారు పడకండి బాబుగారూ, నేను సర్దేస్తాగా!"

సర్దాడు. "మా మొదటి ఉత్తరమూ, అందులో పేర్కొన్న మరణమూ రద్దయినట్టు భావించగలరు. మీ కుటుంబంలో మిగిలినవారికి మరింత మెరుగైన సేవ అందిస్తాం."

ఈసారి ముసలాయన కొడుకే ఫోన్ చేశాడు. అవతల అరుపులు. యజమానికి వచ్చిన ఇంగ్లీషు ఒక్కటే. "ఎస్ సర్, ఎస్ సర్," అన్నాడు వినయంగా. పక్కన లెక్కలు చూసుకుంటున్న కోడలు ఫోన్ లాక్కునేలోగా అది తెగిపోయింది.

"మామయ్యా! 'తర్వాత మా అమ్మనా?' అని అడుగుతున్నాడాయన!"

ఆ తర్వాత అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. వడ్రంగులు గుసగుసలాడుకున్నారు. ఇంట్లో గుమాస్తా కంచం పక్కకు నెట్టాడు. "మీ ఇంగ్లీషుకు ఎన్ని పొయ్యిలు ఆరిపోతాయోనండీ," అంది భార్య.

చివరికి ఉత్తరం వచ్చింది. కోడలు బ్యాంకుకు వెళ్ళడంతో గుమాస్తాయే విప్పాడు.

"బాబుగారూ! మనతో గడిపిన సంవత్సరాలు వాళ్ళకు గర్వకారణమట! మన పనితనానికి కృతజ్ఞతలట! మన భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నారట!"

యజమాని కళ్ళు చెమర్చాయి. "దేవుడున్నాడయ్యా!" అంటూ గోదాములోని కలపంతా కోతకు పెట్టించాడు. సాయంత్రమైనా రంపాలు ఆగలేదు.

కోడలు వచ్చి ఉత్తరం చదివి, రంపపు పొట్టులోనే కూలబడింది.

"మామయ్యా, మనకిక సెలవంటున్నారు. ఇకమీదట ఒక్క కుర్చీ కూడా కొనరు."

"ఎక్కడుందమ్మా ఆ మాట?" అన్నాడు గుమాస్తా.

"ఎక్కడా లేదు బాబాయ్‌గారూ. ఉత్తరమంతా అదే."

రంపాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. గుమాస్తా కాగితాన్ని దీపం దగ్గరికి తీసుకెళ్ళి మొదటి నుంచి చివరిదాకా జల్లెడ పట్టాడు.

ఒక్క తప్పూ దొరకలేదు.