గురునాథం సీటు కింద గంప

ఒక పెద్ద అడవి. పేరు చెప్పను. చెబితే అక్కడి కొంగల కంపెనీ నా మీద పడుతుంది, నాకెందుకొచ్చిన గొడవ! ఎగరలేని జంతువుల్ని వీపు మీద ఎక్కించుకుని సముద్రాలు దాటించడం ఆ కంపెనీ వ్యాపారం.

ఆ అడవిలో చుక్కమ్మ అనే అడవికోడి ఉండేది. రెండుసార్లు గుడ్లు పెడితే రెండుసార్లూ జెర్రిపోతు మింగేసింది. మూడోసారైనా ఓ బిడ్డ దక్కాలని, పాములే లేని దీవిలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఒక్కటంటే ఒక్క గుడ్డు పెట్టింది. పొదుగుదామని కూర్చోబోయేసరికి ఆ దీవి అధికారులు పరిగెత్తుకొచ్చారు. పిల్ల అక్కడ పుడితే ఆ దీవి పౌరుడైపోతుందట! గుడ్డుగా ఉండగానే పట్టుకుపొమ్మన్నారు.

పోనీలే అని బయల్దేరితే, గుడ్డు రెక్క కింద పెట్టుకోడానికి కొంగ ఒప్పుకోలేదు. "చేతిసామానులో గుడ్లు కుదరవు. పగిలితే నా వీపు జారుతుంది," అంది. చేసేదేముంది? చుక్కమ్మ గుడ్డుని దూదిలో దాచి, వెదురు గంపలో పెట్టి, చీటీ కట్టించి అప్పగించింది. మూడు సరస్సుల దగ్గర కొంగలు మారి, ఒళ్ళు హూనమై దిగింది. అందరి సామానూ వచ్చింది. గంప రాలేదు.

సామాను ఫిర్యాదుల గుమాస్తా గురునాథం. అడవిపిల్లి. గుడ్డు పోయిందని కోడి వెళ్ళి పిల్లికి చెప్పుకోవాలన్నమాట! ఏం ఏర్పాటండీ, ఆ బుర్రలకి దండం పెట్టాలి. ఎత్తైన బల్ల వెనక అతగాడి చెవులూ మీసాలూ మాత్రమే కనబడుతున్నాయి.

"బాబూ, నా గంప రాలేదు. అందులో గుడ్డుంది," అంది చుక్కమ్మ.

గురునాథం ఒక కన్ను తెరిచాడు. "గుడ్డా? విలువ?"

"విలువేంటయ్యా, అది నా బిడ్డ!"

"బిడ్డ అని రాయడానికి ఇందులో గడి లేదమ్మా. 'తినుబండారం' అని రాస్తున్నా." మూతి నాక్కున్నాడు. "ఇరవై ఒక్క రోజుల దాకా అది ఆలస్యమైనట్టే లెక్క. ఆ తర్వాత పోయినట్టు. పోయిన సామాను ఆఫీసుకి చెందుతుంది."

"అన్నాళ్ళు ఎవరూ పొదక్కపోతే నా బిడ్డ లోపలే చచ్చిపోతుంది బాబూ!"

"కంగారెందుకు? ఇదిగో, కంపెనీ మర్యాద," అని వేపపుల్ల చేతిలో పెట్టాడు, పొద్దున్నే పళ్ళు తోముకోడానికి.

"కోడికి పళ్ళెక్కడివి నాయనా?"

"అది వేరే ఫిర్యాదు. దానికి వేరే కాగితం."

చుక్కమ్మ రోజూ వచ్చేది. గురునాథం రోజూ అదే మాట: "దారిలో ఉంది."

"ఏ దారిలో?"

"బాగా దగ్గర్లోనే ఉన్నట్టుంది."

"ఒక్కసారి లేచి గోదాములో చూడకూడదూ? నీకు పుణ్యముంటుంది!"

"నేను లేస్తే ఈ సీటు ఎవరు చూస్తారమ్మా?"

ఇరవై ఒకటో రోజు వచ్చింది. గురునాథం ఉప్పూ కారం పొట్లం తెప్పించుకుని మరీ సిద్ధంగా కూర్చున్నాడు. "గడువైపోయింది. ఇక ఆ గుడ్డు ఆఫీసుది," అంటూ కాగితం మీద ముద్ర గుద్దాడు. చుక్కమ్మ అక్కడే కూలబడి గొల్లుమంది.

అప్పుడు గురునాథం పొట్ట కింద ఏదో పొడిచింది. ఉలిక్కిపడి, ఉద్యోగంలో చేరాక మొదటిసారి లేచి నిలబడ్డాడు. కింద వెదురు గంప! ఎవరిదో గంప మెత్తగా ఉందని, అది వచ్చిన రోజే కూర్చున్నచోటి నుంచే లాగి, రాత్రింబవళ్ళకీ పరుపు చేసుకున్నాడు మహానుభావుడు. దాని చీటీ చదవాలంటే లేవాలి కదా! దూదిలోంచి చారల కోడిపిల్ల ఒకటి తల బయటపెట్టి అతగాణ్ణి చూసింది.

"అమ్మా!" అంది.

లైనులో ఉన్న తాబేళ్ళూ ముళ్ళపందులూ పొట్ట పట్టుకుని నవ్వాయి. మేనేజరు కొంగ పరుగున వచ్చింది. చుక్కమ్మ బల్ల మీదికెగిరింది. "నా గంప! నా బిడ్డ!"

"ఆగమ్మా," అన్నాడు గురునాథం, పొట్లం తడుముకుంటూ. "కాగితంలో గుడ్డు అని ఉంది. ఇది పిల్ల. సరుకు సరిపోలేదు, ఇవ్వడం కుదరదు."

మేనేజరు రూల్సు పుస్తకం తిరగేసింది. "నిజమే. సరిపోలని సరుకు ఎవరి సీటు కింద దొరికితే, దాని తిండికీ రక్షణకీ వాళ్ళదే బాధ్యత. ఒక్క ఈక తగ్గినా నీ ఉద్యోగం పోతుంది గురునాథం."

గురునాథం పొట్లాన్ని గబుక్కున వెనక్కి దాచేశాడు.

చుక్కమ్మ ఇక ఎవరితోనూ వాదించలేదు. రెక్కలు దించి, మెల్లగా 'క్లుక్ క్లుక్' అంది. పిల్ల మెడ చాచి వింది, ఒక్క పరుగున వెళ్ళి ఆ రెక్క కింద దూరింది. "వచ్చావా నా తల్లీ," అని చుక్కమ్మ వలవలా ఏడ్చేసింది. సంతకం పెట్టకుండానే బయటికి నడిచింది. గుమ్మం దగ్గర పిల్ల ఆగి వెనక్కి తిరిగింది.

"ఇంకో అమ్మా, నువ్వూ రా!"

రూలు రూలే. ఆ రోజు నుంచి పొద్దున్నే ఆ తల్లీపిల్లల వెనకాలే గురునాథం నడుస్తున్నాడు, పిల్లకి చెదపురుగులు తవ్వి పెడుతూ. ఆఫీసులో అతగాడి సీటు ఖాళీ. ఫిర్యాదుల పనికి మాత్రం ఏ లోటూ రాలేదు, మునుపటిలాగే సాగుతోంది.

నీతి: మీ సామాను పోతే దేశాలన్నీ గాలించకండి, గుమాస్తాగారిని ఒక్కసారి లేచి నిలబడమనండి, అదీ పొదగడం పూర్తయ్యాకే.