గిరి గౌడ్ కట్టిన సీసాలు

శుక్రవారం పొద్దున్నే పెరట్లో ఖర్జూరం చెట్టెక్కి, ఒక గాటు పెట్టి, సీసా కట్టి, బాబా లేచేలోపు దిగిపోయి కారు కడుక్కోవాలని గిరి గౌడ్ ప్లాను. ఖతార్‌లో ఐన్ ఖాలిద్‌లోని ఆ ఇంటి యజమానిని నౌకర్లంతా బాబా అంటారు. గిరి అక్కడ హౌస్ డ్రైవరు. అయితేనేం, జనగామ దిక్కు తాతముత్తాతల నుంచీ ఈతచెట్లు గీసిన వంశం! ఇన్ని ఖర్జూరాలుండి ఒక్కదానికీ కల్లు లొట్టి లేకపోవడం చూస్తే అతని ప్రాణం ఉసూరుమనేది.

"గిరన్నా, పాగల్ అయినవా? ఈడ కల్లు తీసినవంటే నౌకరీ మాఫీ, వీసా మాఫీ, రెండూ ఉండయ్. సీదా జైలే!" అన్నాడు పక్కింటి డ్రైవరు ఖాసీం. కల్లు ముట్టడు గానీ తమాషా మాత్రం వదలడు.

"తాగనీకి కాదు భాయ్. గౌడు బిడ్డ చెయ్యి పడితే ఖర్జూరం గూడ కల్లియ్యాలె. ఈస్టు గీస్టు కొనేదేం లేదు, గాలిల ఉన్నదే వచ్చి పడి పొంగిస్తది. జర నాలిక మీద ఏసుకొని పారబోస్త."

"నీ చెయ్యికి స్టీరింగ్ తప్ప ఏం తెల్వదు పో!"

ఆ మాట గిరికి సూదిలా గుచ్చుకుంది. బండి లాగే తాడునే మోకు చేసుకుని చకచకా పైకి పాకాడు. గాటు పెట్టి, ఖాళీ నీళ్ళ సీసా కట్టి, "చూసినవా మా రక్తం!" అని కేకేశాడు. ఆ కేకకే బాబా లేచొచ్చాడు.

"షునూ హాదా?" ఇదేంటని గద్దించాడు.

గిరికి పైప్రాణాలు పైనే పోయాయి. ఖాసీం మాత్రం సగం అరబ్బీ, సగం ఉర్దూ కలిపి గబగబా అల్లేశాడు. "చెట్టుకు బీమారీ, బాబా. లోపలి చెడు నీరు సీసాలోకి దిగుతుంది. గిరి వాళ్ళది చెట్ల హకీముల ఖాందాన్!"

బాబా మొహం వెలిగిపోయింది. "మరి మిగతా చెట్లో? యల్లా, కానివ్వు!"

మధ్యాహ్నానికి పెరటి చెట్లన్నిటికీ సీసాలు వేలాడాయి. సాయంత్రానికి అల్ హిలాల్‌లో బాబా తమ్ముడి తోటకూ కబురెళ్ళింది. అక్కడ బాబా "మా హకీం" అని భుజం తట్టేసరికి గిరి భయం మరిచి ఛాతీ విరిచి మరీ ఎక్కాడు.

"ఒక్క సీసాకే జైలంటే, రెండు ఇండ్లల్ల కల్లు దుకాణం పెట్టినవ్ గదన్నా!" అని ఖాసీం నెత్తి కొట్టుకున్నాడు.

ఆ రాత్రి ఖాసీం ఒక్క చుక్క కూడా పడొద్దని దువా చేశాడు. గిరి కూడా ఎల్లమ్మ తల్లికి అదే మొక్కు మొదలుపెట్టాడు గానీ, మధ్యలో మనసాగక "ఒక్క సీసన్న నింపు తల్లీ" అనేశాడు.

పొద్దున్నే తమ్ముడుగారు తన సీసాలన్నీ దింపించి తెచ్చాడు. ఆయన అనుమానపు మనిషి. "ఏదీ ఆ చెడు నీరు? చూడాలి" అని బాబా సీసాలు కూడా దింపించి, ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. వాసన వచ్చిందా, గిరి సాయంత్రానికి జైల్లోనే!

అన్నీ ఎండిపోయి ఉన్నాయి.

"నీరేదీ? అంతా అబద్ధం!" అని అరిచాడాయన.

"చెడు నీరు లేదంటే బీమారీ లేనట్టే కదా సాబ్!" అన్నాడు ఖాసీం.

"అల్హందులిల్లా!" అంటూ బాబా తమ్ముణ్ణి కౌగిలించుకున్నాడు. గండం గడిచింది. ఖాసీం ఊపిరి పీల్చుకుని పక్కకు చూస్తే, గిరి కళ్ళ నిండా నీళ్ళు.

"ఒక్క చుక్కన్న రాలె భాయ్! మా వంశంల ఇట్ల ఎన్నడన్న అయిందా? బాబా, ఇది ఒక్క పూట పని గాదు, దినాం గియ్యాలె! ఇంకో వారం ఆగుండ్రి, సీసాలు పొంగి పొర్లకపోతే నా పేరు..."

ఖాసీం అతని కాలు కసిగా తొక్కాడు.

"ఏమంటున్నాడు?" అని అడిగాడు తెలుగు రాని బాబా.

"చెట్లు బాగున్నాయని ఆనందంతో ఏడుస్తున్నాడు, బాబా."

బాబా కళ్ళూ చెమర్చాయి. గిరిని గుండెలకు హత్తుకుని నుదుటి మీద ముద్దుపెట్టాడు. జైలు తప్పినందుకు వెక్కి వెక్కి ఏడ్చినవాడు ఖతార్ మొత్తం మీద గిరి గౌడ్ ఒక్కడే.