సున్నా కాకపోతే చాలు

ప్రజల సొమ్ము ఒక్క డాలరు కూడా తన కంట పడకుండా ఖజానా గడప దాటదని సెనేటర్ ఆర్విన్ క్లాస్సెన్ గారు శాసనసభ మెట్ల మీద నిలబడి ప్రకటించారు. ఆయన ఆర్థిక సంఘానికి అధ్యక్షులు. ఆయన చెప్పినవన్నీ రాసుకోవడం పేపరువాళ్ళకి అలవాటే.

ఈ ప్రకటనకి కారణం ఒక బిల్లు. రాష్ట్రంలో గర్భస్రావం మీద ఉన్న నిషేధాన్ని కాస్త సడలించాలని, బిడ్డ బతకదని తేలినప్పుడైనా డాక్టరు చేతులు కట్టేయకూడదని కొత్త సభ్యురాలొకామె దాన్ని తెచ్చింది. ఓటింగు దాకా వస్తే నెగ్గేలాగే ఉంది. ఖర్చులేని బిల్లు తిన్నగా ఓటింగుకి పోతుంది. ఖర్చున్న బిల్లు క్లాస్సెన్ గారి సంఘానికి వస్తుంది. అక్కడికొచ్చిన బిల్లులకి ఏ లోటూ ఉండదు, బయటికి పోవడం ఒక్కటీ తప్ప.

ఖర్చు లెక్కగట్టే పని మార్లిస్ టోర్గెర్సన్‌ది. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి సొంత అభిప్రాయం ఉండకూడదు. మార్లిస్‌కి అభిప్రాయం లేదు గానీ, జోలీన్ అనే చెల్లెలుంది. జోలీన్‌కి అయిదో నెల. కడుపులో బిడ్డకి కిడ్నీలే లేవని, పుట్టినా బతకదని డాక్టరు చెప్పాడు. చట్టం వల్ల తానేమీ చెయ్యలేనని కూడా చెప్పాడు. "అక్కా, మన బిల్లు ఎందాకా వచ్చింది?" అని ఆ పిల్ల రోజూ ఫోను చేసేది.

లెక్క సున్నా అని తేలింది. క్లాస్సెన్ గారు ఆమెను పిలిపించి, స్వయంగా కాఫీ పోసి ఇచ్చారు.

"సున్నా ఎలా అవుతుందమ్మా? మళ్ళీ చూడు. ఇంత వెయ్యమని నేను చెప్పను, అది తప్పు. సున్నా కాకపోతే చాలు."

శాఖలన్నిటినీ మళ్ళీ అడిగారు. ఈ నిషేధం కింద ఇంతవరకు ఏ డాక్టరూ లోపలికి రాలేదు కాబట్టి తమకి పోయేదీ మిగిలేదీ లేదంది జైళ్ళ శాఖ. ఆరోగ్యశాఖ పాత కాగితాలతోనే సర్దుకుంటామంది. పరువు నిలబెట్టింది రోడ్ల శాఖే. నిషేధం వచ్చాక సరిహద్దు అవతల, అలాంటి నిషేధం లేని పక్క రాష్ట్రం ఆసుపత్రికి పోయే కార్లు పెరిగాయట. వాటి పెట్రోలు మీద పన్ను బాగా వస్తోందట. నిషేధం సడలితే ఆ ఆడవాళ్ళు ఊళ్ళోనే ఉండిపోతారు, పన్ను కాస్తా పోతుంది. పోయిన పన్నూ ఖర్చు కిందికే వస్తుంది.

క్లాస్సెన్ గారి మొహం చేటంతయింది. మార్లిస్ గొంతు సవరించుకుంది.

"సార్, చట్టం వచ్చాక మన ఆడవాళ్ళెవరూ ఆ పని చేయించుకోవడం లేదని ప్రతి సభలోనూ మీరే చెబుతున్నారు. పోనివాళ్ళకి పెట్రోలెందుకు సార్?"

ఆయన రోడ్ల శాఖ కాగితాన్ని ఇంకోసారి చదువుకున్నారు.

"కార్లు పోతున్నాయమ్మా. లోపల ఎవరున్నారో, ఎందుకు పోతున్నారో మనం అడగం. ఆడవాళ్ళ సొంత విషయాల్లో ప్రభుత్వం తల దూర్చకూడదు."

బిల్లు ఆయన సంఘానికి చేరి, అక్కడే సుఖంగా ఉండిపోయింది.

అంతటితో ఊరుకుంటే ఆయన క్లాస్సెన్ గారెందుకవుతారు? అన్ని కార్లు పోయే రోడ్డు అంత ఇరుగ్గా ఉండటం ఆయన మనసుని కలచివేసింది. దాన్ని నాలుగు వరసలు చెయ్యాలని తనే ఒక బిల్లు పెట్టారు. వద్దన్నవాళ్ళు ఒక్కరూ లేక అది వారంలోనే నెగ్గింది. దానికీ మార్లిసే లెక్కగట్టింది. నిషేధం ఉన్నంతకాలం రోడ్డు తన ఖర్చు తనే రాబట్టుకుంటుందని తేలింది. అంత నిక్కచ్చి లెక్క తానెన్నడూ చూడలేదని క్లాస్సెన్ గారు సభలో ఆమెను మెచ్చుకున్నారు.

శంకుస్థాపన నాడు మార్లిస్ సెలవు పెట్టి, చెల్లెల్ని కారెక్కించుకుని ఆ రోడ్డు మీదే బయల్దేరింది. మధ్యాహ్నంలోగా అవతలి ఆసుపత్రికి చేరాలి. తప్పిపోతే డాక్టరు మళ్ళీ ఎప్పుడు దొరుకుతాడో తెలియదు. తీరా చూస్తే సభ కోసం కార్లన్నీ ఆపేశారు. జోలీన్ కిటికీ వైపు తిరిగి చప్పుడు లేకుండా ఏడుస్తోంది. మార్లిస్‌కి ఆ రోడ్డు మీదా, తన లెక్క మీదా అసహ్యం పుట్టింది.

క్లాస్సెన్ గారు హెల్మెట్ పెట్టుకుని, ఆగిన కారు కారుకీ వెళ్ళి డోనట్లు పంచుతూ వచ్చారు. మార్లిస్‌ని గుర్తుపట్టారు. పక్కనున్న జోలీన్ పొట్ట చూడగానే ఆయన మొహం మెత్తబడింది.

"మీ చెల్లెలా అమ్మా? తల్లీబిడ్డా చల్లగా ఉండాలి," అన్నారు.

జోలీన్ డోనట్ తీసుకోలేదు. ఆయన అదేమీ పట్టించుకోకుండా, ఎర్రజెండా పట్టుకున్న మనిషి వైపు తిరిగారు.

"కడుపుతో ఉన్న మనిషయ్యా, ఎండలో ఎంతసేపని నిలబెడతావు? ముందు వీళ్ళని సరిహద్దు దాటించు."