ఒక ఎపిసోడ్ ముందున్న మొగుడు

శశికాంత్‌కి చైనాలో ఒక శత్రువున్నాడు. ఎప్పుడూ ఎదురుపడలేదు, పడినా ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ప్లెయిన్స్‌బరోలో వాళ్ళ అపార్ట్‌మెంట్‌కి రోజూ అన్నాలవేళకి టీవీలోంచి వచ్చి, శశికాంత్ పరువు తీసి మరీ వెళుతుంటాడు.

అదో చైనా సీరియల్. ఉద్యోగాలు చేసుకునే మొగుడూ పెళ్ళాల కథ. హీరో పేరు నోరు తిరగక శశికాంత్ అతనికి ‘ఆదర్శం’ అని పేరు పెట్టుకున్నాడు. ఆదర్శం పెద్ద మేనేజరు. అయినా వంట చేస్తాడు, పెళ్ళానికి మీటింగున్న రోజు ఆవిడ చొక్కా ఇస్త్రీ చేస్తాడు. ఇంతా చేసి నవ్వుతాడు. శశికాంత్‌కి ఒళ్ళు మండేది ఆ నవ్వుకే.

"చూశావా శశీ, చెప్పకుండానే అంట్లు తోమేశాడు," అంది అతని భార్య త్రివేణి.

"స్క్రిప్టులో రాశారు కాబట్టి తోమాడు. నాకూ ఓ డైరెక్టరుంటే తోముతాను."

"ఉందిగా ఇంట్లో. నువ్వు వింటేగా!"

అసలు బాధ అంట్లు కాదు, క్యారీ. త్రివేణి ఫార్మా కంపెనీలో పనిచేస్తుంది. నార్త్ కరోలినాలోని క్యారీ ఆఫీసుకి టీమ్ లీడ్‌గా రమ్మని ఆమెని అడిగారు. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన ప్రమోషన్. శశికాంత్‌కేమో ప్లెయిన్స్‌బరో వదలాలంటే ప్రాణం మీదికొస్తుంది. శనివారం బ్యాడ్మింటన్, చెప్పులేసుకుని నడిచెళ్ళేంత దూరంలో వేడి వేడి ఇడ్లీ. ఇవన్నీ పైకి చెబితే బాగుండదని, ఆ మాట వచ్చినప్పుడల్లా "చూద్దాం" అంటున్నాడు.

"నీకేంటి శశీ ఇబ్బంది? నీ ఆఫీసు మన డైనింగ్ టేబులే కదా. అది క్యారీలో పట్టదా? సోమవారంలోపు వాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి."

"చూద్దాం అన్నాను కదా!"

అక్కడ సీరియల్లోనూ ఆదర్శం పెళ్ళానికి వేరే ఊళ్ళో ప్రమోషన్ వచ్చేలా ఉంది. శశికాంత్ గుండెల్లో రాయి పడింది. అప్పుడే పథకం తట్టింది. త్రివేణి ఆఫీసుకెళ్ళాక ఎపిసోడ్లు ముందే చూసేయాలి. ఆదర్శం ఏం చేస్తే అది, ఆమె చూడకముందే చేసేయాలి. ఆ మురిపెంలో పడి క్యారీ సంగతి తనే మర్చిపోతుంది.

చైనా సీరియల్‌తో చిక్కేంటంటే సబ్‌టైటిల్స్ చదవాలి, కన్ను పక్కకి తిప్పడానికి లేదు. రెండో రోజు ఆఫీసు మీటింగ్ మధ్యలో ల్యాప్‌టాప్ పక్కన ఫోన్ పెట్టుకుని చూస్తుంటే మేనేజరు కంగారుగా, "శశీ, ఆర్ యూ ఓకే? ఎవరో లేడీ ఏడుస్తోంది," అన్నాడు.

"పక్కింటి వాళ్ళ టీవీ," అన్నాడు శశికాంత్. మైకు ఆపడం మర్చిపోయాడు మరి. ఆవిడ ఇంకో నిమిషం పాటు వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ ఎపిసోడ్‌లో ఆదర్శం, అలసిపోయి వచ్చిన భార్య కాళ్ళు వేడినీళ్ళ తొట్టిలో పెట్టించాడు. శశికాంత్ ఇల్లంతా వెతికాడు. తొట్టి లేదు. అందరూ తలో వంటకం తెచ్చే పాట్‌లక్‌ విందులకి వాడే పెద్ద గిన్నె దొరికింది.

"ఇదేంటి?" అంది త్రివేణి గుమ్మంలోనే ఆగిపోయి.

"పొద్దున్నుంచీ కష్టపడి వచ్చావు. కాళ్ళు పెట్టు."

"శనివారం పులిహోర కలిపేది ఇందులోనేగా?"

"కడుగుతాలే!"

త్రివేణి అతని మొహంలోకి ఓసారి చూసి, కూర్చుని కాళ్ళు పెట్టింది. గిన్నె తీసేటప్పుడు శశికాంత్ కాలు జారింది. నీళ్ళు కార్పెట్ తాగినంత తాగింది, అది తాగలేనివి కింది ఇంట్లోకి దిగాయి. కాసేపటికి కింద ఉండే రిటైర్డ్ డాక్టర్ భీమశంకరం గారు గొడుగుతో సహా వచ్చి, "మా హాల్లో చినుకులు పడుతున్నాయి బాబూ," అన్నారు. ఆయనకి క్షమాపణలు చెప్పి, శనివారం పాట్‌లక్‌కి పిలిచి పంపించాడు.

అయినా శశికాంత్ వెనక్కి తగ్గలేదు. ఇరవై తొమ్మిదో ఎపిసోడ్‌లో అసలు ఆయుధం దొరికింది. పార్టీలో అందరి ముందూ ఆదర్శం భార్య చెయ్యి పట్టుకుని ఓ మాటంటాడు. అందరూ కళ్ళు తుడుచుకుంటారు. శశికాంత్ అక్కడితో ఆపేశాడు. ఇంతకన్నా చూసేదేముంటుంది? పైగా ఉత్త మాట. కార్పెట్ తడవదు.

శనివారం మధ్యాహ్నం భీమశంకరం గారు, స్నేహితుడు రఘు, అతని భార్య రేణు వచ్చారు. పులిహోర కొత్త గిన్నెలో పెట్టారు. శశికాంత్ గొంతు సవరించుకుని, త్రివేణి చెయ్యి పట్టుకుని లేచాడు.

"నీ కల ఏ ఊళ్ళో ఉంటే నా ఇల్లు ఆ ఊళ్ళోనే. నువ్వు ముందు నడువు, సామాను మోసుకుంటూ నీ వెనకే నేనొస్తాను."

భీమశంకరం గారు చప్పట్లు కొట్టారు. రేణు తన మొగుడి వైపు ఓ చూపు చూసింది. "ఒరేయ్, నా కొంపకి నిప్పు పెట్టావు కదరా," అన్నాడు రఘు పళ్ళ మధ్య నుంచి.

త్రివేణి మాత్రం కళ్ళు తుడుచుకోలేదు. ఫోన్ తీసి ఒక్క నొక్కు నొక్కింది.

"థాంక్యూ శశీ. క్యారీకి ఓకే అని మెయిల్ పెట్టేశాను. అంకుల్ గారూ, మీరంతా సాక్షులు!"

వంటింట్లోకి వెళ్ళిన ఆమె వెనకే శశికాంత్ పరుగెత్తాడు. "త్రివేణీ, అది ఊరికే డైలాగు!"

"తెలుసు. ఇరవై తొమ్మిదో ఎపిసోడ్."

"నువ్వింకా పన్నెండులోనే ఉన్నావుగా?"

"అక్కడే ఉండేదాన్ని. నువ్వు యాప్‌లో నా ప్రొఫైల్‌లోనే చూస్తున్నావు కాబట్టి, టీవీ పెట్టగానే సీరియల్ రోజుకో కొత్త చోట మొదలైంది. నువ్వెక్కడ ఆగావో అక్కడిదాకా, నువ్వు పడుకున్నాక నేనూ చూశాను."

"మరి అప్పుడే అడగలేదేం?"

"వేడినీళ్ళు హాయిగా ఉన్నాయి."

"అన్యాయం! నన్నొక్క మాట అడిగుండొచ్చుగా?"

త్రివేణి నవ్వు ఆగిపోయింది. "అడిగాను శశీ. రోజూ అడిగాను. వద్దనుకుంటే వద్దనే చెప్పు, పోట్లాడుకుందాం. నువ్వదీ అనలేదు."

శశికాంత్‌కి సిగ్గేసింది. ఆమె ఎన్నేళ్ళు ఎదురుచూసిందో అతనికి తెలియంది కాదు. హాల్లోకి వెళ్ళి పులిహోర వడ్డించాడు.

అందరూ వెళ్ళాక ముప్ఫయ్యో ఎపిసోడ్ పెట్టాడు, ఈసారి సొంత ప్రొఫైల్‌లో. కొత్త ఊళ్ళో, అట్టపెట్టెల మధ్య కూర్చుని ఆదర్శం ఒక్కడే నడుం పట్టుకుని మూలుగుతున్నాడు. నవ్వడం లేదు. మొదటిసారి శశికాంత్‌కి అతని మీద జాలేసింది.

త్రివేణి కొత్తగా కొన్న ప్లాస్టిక్ టబ్బు తెచ్చి అతని ముందు పెట్టింది. నీళ్ళలోంచి ఆవిరొస్తోంది.

"కాళ్ళు పెట్టు. రేపట్నుంచి ప్యాకింగ్."

"ఇది ఎన్నో ఎపిసోడ్‌లోది?"

"ఇది ఎందులోనూ లేదు. క్యారీలో ఇడ్లీ ఎక్కడ బాగుంటుందో కూడా కనుక్కున్నాను. కారేసుకుని వెళ్ళాలి, అంతే."

నీళ్ళు బాగా కాలుతున్నాయి. శశికాంత్ కిక్కురుమనకుండా కాళ్ళు ముంచాడు.