పరదేశయ్య చేతులకు పదోన్నతి

పెదకాలవ నేతపేటలో ఉండే పరదేశయ్య చేతులు రెండూ రెండేళ్ల క్రితం ఒక సోమవారం పొద్దున ఏడున్నర బస్సెక్కి పట్నంలో ఉద్యోగానికి వెళ్లిపోయాయి. పరదేశయ్య మాత్రం ఇంట్లోనే ఉండిపోయాడు. పేటలో ఎవరూ వింతగా అనుకోలేదు. అప్పటికే ఎదురింటాయన కళ్లు ఏదో ఆఫీసులో సీసీ కెమెరాలు చూస్తున్నాయి. కంపెనీవాళ్లు ముందే చెప్పారు: ఈ పనికి చేతులు చాలు, పొట్ట కూడా వస్తే భోజన విరామం అడుగుతుంది, నోరు వస్తే ఇంకేమైనా అడుగుతుంది.

మొదటి ఏడాది ఆ చేతులు అట్టపెట్టెలు మడిచాయి. రెండో ఏడాది పదోన్నతి వచ్చి గేటు దగ్గర కూర్చున్నాయి. కొత్తగా చేరవచ్చిన ప్రతి చేతినీ పట్టుకుని, పిడికిలి విప్పి, బొటనవేలు హాజరు మిషను మీద నొక్కించాలి. నలభై ఏళ్లు మగ్గం మీద నాడె విసిరిన చేతులు కదా, పట్టు తప్పేది కాదు.

ఈ ఎదుగుదల సంగతి విని విశ్వవిద్యాలయం నుంచి ఇందుప్రియ అనే పరిశోధకురాలు వచ్చింది. ఆమె అంశం 'మారుతున్న పని తీరులు, వృత్తి వికాసం'. చేతుల్ని ముందే ఆఫీసులో కలిసింది. డెబ్భై రెండు ప్రశ్నలకూ అవి 'చాలా సంతృప్తి' గడిలోనే టిక్కు పెట్టాయి. మిగిలింది పరదేశయ్య. ఆమె పత్రంలో అతని హోదా 'ఉద్యోగి తాలూకు మిగతా శరీరం'.

"మీ చేతుల ఎదుగుదల చూస్తే ఏమనిపిస్తోంది బాబాయిగారూ?"

"గర్వంగానే ఉందమ్మా. వీపు దురద పెట్టినప్పుడు కాస్త గుర్తొస్తాయి."

"ముందు నోరు తెరు," అంది ముద్ద పెడుతున్న భార్య మాణిక్యమ్మ. "ఈయన చేతులు ఆఫీసర్లయ్యాయి, నా చేతులకి చాకిరీ రెట్టింపయింది. అదీ రాసుకో తల్లీ."

ఇందుప్రియ పత్రమంతా వెతికింది. దానికి గడి లేదు.

పరదేశయ్యకు ఒక్కటే బెంగ. మనవరాలికి మూడు నెలలు నిండినా పేరు లేదు. ఆ పేట ఆచారం ప్రకారం తాత తన చేత్తో పసిబిడ్డ పిడికిట్లో నూలుపోగు పెట్టాలి. ఆ తర్వాతే ఉయ్యాల్లో వేసి పేరు పిలవాలి. ఇంకెవరు పెట్టినా చెల్లదు. ఇప్పటికి రెండు ముహూర్తాలు దాటిపోయాయి. సెలవుచీటీ చేతులే రాయాలి. డ్యూటీలో ఉన్న చేతులు సొంత రాతలు రాయకూడదు.

"పరిశోధన కోసమని నేనడుగుతానుండండి," అంది ఇందుప్రియ. ఆమె పుస్తకంలోనూ 'కుటుంబ సంబంధాలు' అధ్యాయం ఖాళీగా ఉంది. రెండు గంటలు మంజూరయ్యాయి. సెలవు కాదు, ఇంటి నుంచి పని. మిషను వెంట ఉండాలి.

శుక్రవారం పదకొండింటికి చేతులు బస్సు దిగాయి. మాణిక్యమ్మ కాళ్లకు నీళ్లు తెచ్చి, కాళ్లు లేవని గుర్తొచ్చి చెంబు పక్కన పెట్టింది.

"ఏర్రా, చిక్కిపోయారేంట్రా?" అన్నాడు పరదేశయ్య.

చేతులు నమస్కారం పెట్టాయి.

పళ్లెంలో పసుపు రాసిన నూలుపోగు ఉంది. కోడలు బిడ్డను ముందుకు చాపింది. కుడిచెయ్యి ఆ పిడికిలిని పట్టుకుని ఒక్కొక్క వేలే విప్పింది. ఎంత నెమ్మదిగా విప్పిందంటే పరదేశయ్యకు కళ్లు నిండాయి. మాణిక్యమ్మే తుడిచింది.

"ఆ, ఇప్పుడు పోగు. పోగు పెట్టండ్రా!" అన్నాడు.

చేతులకు చెవులుండవు. ఎడమచెయ్యి మిషన్ను దగ్గరికి జరిపింది. కుడిచెయ్యి ఆ చిట్టి బొటనవేలిని దాని మీద నొక్కించింది. "ధన్యవాదాలు," అంది మిషను. పిల్లకు నంబరు పడింది. పని అయిపోయింది గనక చేతులు ఒంటిగంట బస్సుకు వెళ్లిపోయాయి. పోగు పళ్లెంలోనే ఉంది.

"మూడు నెలలకే వృత్తి ప్రారంభం! మా రంగంలో ఇంతవరకూ లేదండీ," అంటూ ఇందుప్రియ గబగబా రాసుకుంది.

"మరి పేరెప్పుడమ్మా?"

"మీ చేతులు రిటైరయ్యాక తీరిగ్గా పెట్టుకోవచ్చు బాబాయిగారూ. కంపెనీ లెక్కలో వాటి వయసు రెండేళ్లే. ఇంకా యాభై ఆరేళ్ల సర్వీసుంది."

పరదేశయ్య బిడ్డ పిడికిలి వైపు చూశాడు. "అప్పటికి దీని పిడికిలి ఇంట్లో ఉండదు కదా," అన్నాడు. దానికీ గడి లేదు.

సాయంత్రం పిల్ల గుక్కపెట్టింది. కోడలు పోగు పడకుండానే ఉయ్యాల్లో వేసి ఊపుతూ, ఏమని పిలవాలో తోచక, నంబరులో చివరి రెండంకెలూ పలికింది.

"నలభై ఏడూ... ఓ నలభై ఏడూ..."

పిల్ల ఏడుపు మానేసి తల ఇటు తిప్పింది.