ట్యాంకర్ల షెడ్డు ఇంకా తేలనందుకు కృతజ్ఞతలు

చకచకా నిర్ణయాలు తీసుకునే ఊళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. మా మునిసిపల్ షెడ్డును బాగుచేయాలా, కూలగొట్టి కొత్తది కట్టాలా అన్నది పద్నాలుగు నెలలుగా తేలలేదు. తేలకూడదనే నా ప్రార్థన. మీరూ ప్రార్థించండి!

ఊరి పేరు చెప్పను. గిద్దలూరు బస్సెక్కి, రోడ్డు పక్కన ఖాళీ బిందెలు వరుసగా కనిపించిన చోట దిగండి. అలాంటి చోట్లు చాలా ఉన్నాయంటారా? అయితే ఎక్కడ దిగినా ఫర్వాలేదు.

షెడ్డంటే మూడు నీళ్ల ట్యాంకర్లు నిలిపే చోటు. నిరుడు గాలివానకు పైకప్పులో ఒక రేకు జారింది, వెనక గోడ కాస్త కూలింది. ఇంజినీరు గారు మర్నాడే గేటుకు తాళం వేయించి నోటీసు అంటించారు. ‘శిథిల భవనం. లోపలికి ఎవరూ వెళ్లరాదు.’ ఏమి ముందుచూపు! అప్పటికి మూడు ట్యాంకర్లూ లోపలే ఉన్నాయన్నది చిన్న విషయం.

డ్రైవరు ఏబేలు మాత్రం అది చిన్న విషయం అనుకోలేదు. ఇరవై రెండేళ్ల సర్వీసు కదా, చాదస్తం.

"సార్, ఐదు నిమిషాలు గేటు తియ్యండి. మూడు బండ్లూ బయట పెడతా" అన్నాడు.

"రేకు నీ నెత్తిన పడితే జవాబు ఎవరు చెప్పాల?" అన్నారు ఇంజినీరు గారు.

"ఇరవై రెండేండ్ల నుంచి ఆ రేకుల కిందనే కదా సార్ నేను అన్నం తినింది."

"అట్ల కుదరదు ఏబేలూ. కమిటీ తేల్చాల."

కమిటీ వేశారు. లోపలికి వెళ్లరాదు కాబట్టి అది ఎదురుగా ఉన్న బ్రహ్మం టీ కొట్టులో కూర్చుని షెడ్డును పరిశీలించింది. ఏడుసార్లు పరిశీలించింది. బ్రహ్మం రెండు కొత్త బెంచీలు వేయించాడు. ఇది అభివృద్ధి కాదా?

సమస్య ఎంత లోతైనదో చూడండి. షెడ్డు బాగుచేయాలంటే ముందు ట్యాంకర్లు బయటికి తీయాలి. కూలగొట్టాలన్నా తీయాలి. తీయాలంటే లోపలికి వెళ్లాలి. వెళ్లాలంటే షెడ్డును ముందు బాగుచేయాలి, లేదా కూలగొట్టాలి. మామూలు బుర్రలకు ఇలాంటి ముడి వేయడం చేతనవుతుందా! కాపరి నాగులు మేపే మేకలు మాత్రం వెనక గోడ సందులోంచి దూరి, రోజూ ట్యాంకర్ల కింద చల్లగా పడుకుంటున్నాయి. వాటికి నోటీసు చదవడం రాదు పాపం.

ఇక లాభాలు. ట్యాంకర్ల టైర్లు అరగడం లేదు. ఈ లెక్కన వందేళ్లు మన్నుతాయి. వీధిలో బురద లేదు. ట్యాంకరు దగ్గర జుట్లు పట్టుకునే ఆడవాళ్లు ఇప్పుడు అక్కాచెల్లెళ్లలా కలిసి నడుస్తున్నారు. మా పేట బోరు నీళ్లు తాగితే పళ్లు గారపడతాయి, కీళ్లు బిగుస్తాయి. అందుకని తెల్లవారకముందే రెండు మైళ్ల అవతల శ్రీహరి చేలో ఉన్న మంచినీళ్ల బావికి వెళ్తున్నారు. నడక మంచిదని డాక్టర్లు చెబితే వినేవాళ్లా?

మా పక్కింటి ఎలీషబాకు అరవై దాటాయి. కోడలు ఝాన్సీకి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆ బాలింత కోసం ఈమె నెల రోజులు రెండేసి బిందెలు మోసింది. మొన్న మోకాలు వాచి మంచానికి అతుక్కుపోయింది. ఆమెను చూస్తే నాకు ఏడుపొచ్చింది. అంటే, గర్వంతో.

సరిగ్గా అప్పుడే కమిటీ ప్రజాభిప్రాయ సేకరణకు మా పేటకు వచ్చింది. ఒక ఉద్యోగి చేతిలో ఫారం. అందులో రెండు గడులు, ‘బాగుచేయాలి’, ‘కొత్తది కట్టాలి’.

"షెడ్డు బాగుచెయ్యాల్నా, కొత్తది కట్టాల్నా? రెంట్లో ఒకటి చెప్పమ్మా" అని ఎలీషబాను అడిగాడు.

"షెడ్డుతో నాకేంది నాయనా? బాలింతకు ఆ బోరు నీళ్లే తాపుతా ఉండా. బిడ్డ దాని పాలే కదా తాగేది. ఒక బండి బయటికి తోలండి, అంతే."

అతను ఫారం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఆ మాటకు గడి లేదు. రెండూ ఖాళీగా వదిలి పక్కింటికి వెళ్లాడు. అక్కడ కోటమ్మా అదే మాట చెప్పింది. మా పేటలో నూట పన్నెండు ఇళ్లు. సాయంత్రానికి నూట పన్నెండు ఇళ్లలోనూ అదే మాట.

నివేదిక మొన్న సోమవారం నోటీసు బోర్డుకెక్కింది. మా పేట గురించి రెండే వాక్యాలు. ‘సదరు పేటవాసులకు షెడ్డు విషయమై ఎటువంటి అభిప్రాయమూ లేదు. ప్రజల నుండి తొందర లేనందున, నిర్ణయం వేసవి అనంతరానికి వాయిదా వేయడమైనది.’