పక్క పట్టాల మీద మనిషి

సాగరలక్ష్మి యార్డులో ఇకమీదట కార్మికుల భద్రతకు ఎలాంటి లోటూ ఉండబోదని యాజమాన్యం ప్రకటించింది. వ్యాగన్ల బ్రేకులు బాగుచేయించడం పాతకాలపు పద్ధతి అనీ, బ్రేకులు పడనప్పుడు మనిషి ఎలా ఆలోచించాలో నేర్పించడమే నేటి పద్ధతి అనీ బోర్డు ఏకగ్రీవంగా తీర్మానించింది.

విశాఖలో మల్కాపురం దాటి పోర్టు వైపు వెళ్తుంటే గోడల మీదా, చెట్ల మీదా, ఆరేసిన బట్టల మీదా నల్లటి పొడి కనిపించే చోట ఈ యార్డు మొదలవుతుంది. ఓడల నుంచి దిగిన బొగ్గును వ్యాగన్లకెత్తి పంపడం దాని పని. నేల కాస్త వాలుగా ఉండడం వల్ల వ్యాగన్లు అప్పుడప్పుడూ ఇంజనుతో నిమిత్తం లేకుండా వాటంతటవే బయల్దేరుతుంటాయి. తనిఖీకి వచ్చిన అధికారి ఇది కళ్ళారా చూసి, ‘తగు చర్యలు తీసుకొనవలెను’ అని రాసి, చేపల పులుసుతో భోంచేసి వెళ్ళాడు. ఏ చర్యలో ఆయన రాయలేదు. ఎంచుకునే స్వేచ్ఛ యాజమాన్యానికే మిగిలింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పర్సనెల్ మేనేజరు ఉదయ్‌కుమార్ ఫోన్‌లో ఒక వీడియో చూశాడు. తత్వవేత్తలు ఊహా ప్రయోగాలు చేస్తారనీ, వాటికి పరికరాలు అక్కర్లేదనీ, విడిభాగాలు తెప్పించనక్కర్లేదనీ, కళ్ళు మూసుకుని అనుకుంటే చాలుననీ తెలుసుకుని అతను ముగ్ధుడైపోయాడు. ఇంతకంటే చవకైన ప్రయోగం పరిశ్రమల చరిత్రలో మరొకటి లేదు. ఇక కావలసింది అనుకోవడం నేర్పే మాస్టారు.

అలా అచ్యుతరామయ్య గారికి కబురు వెళ్ళింది.

ఆయన కోనసీమలో పుట్టి, విశాఖలో ఒక కాలేజీలో ఫిలాసఫీ చెప్పి రిటైరయ్యారు. ‘చెప్పి’ అనడం మర్యాద కోసం. ఆ గ్రూపులో చేరినవాళ్ళు బస్సు పాసు కోసం చేరేవారు. పాసు చేతికొచ్చాక మళ్ళీ కనిపించేవారు కాదు. కొన్నేళ్ళకు గ్రూపునే ఎత్తేశారు. ఆ గదిలో జిరాక్సు మిషను పెట్టారు. పిల్లలు అప్పుడు మాత్రం బారులు తీరి ఆ గదికి రావడం ఆయన చూశారు. ఇప్పుడు మధురవాడలో, ఐటీ కుర్రాళ్ళ మధ్య ఒక ఫ్లాటులో, ఎవరూ అడగని ప్రశ్నలకు జవాబులు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. అలాంటి మనిషి గుమ్మం ముందు కంపెనీ కారు ఆగేసరికి, తత్వశాస్త్రానికి మంచిరోజులు వచ్చాయని ఆయన నమ్మడంలో వింత లేదు.

ఆయన భార్య గంగాభవాని గారు మాత్రం కాఫీ ఇస్తూ ఒక్క మాట అన్నారు. “ఏవండీ, ఆ బ్రేకులేవో బాగుచేయించుకుంటే సరిపోద్ది కదండీ? మధ్యలో మీరెందుకూ?”

“నువ్వు ప్రతిదీ ఆచరణలోంచి ఆలోచిస్తావు. వచ్చిన చిక్కంతా అదే,” అన్నారాయన, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

మొదటి క్లాసు యార్డు క్యాంటీన్‌లో జరిగింది. మాస్టారు బోర్డు మీద రెండు గీతలు గీసి సమస్య చెప్పారు. బ్రేకులు తెగిన బండి దొర్లుకుంటూ వస్తోంది. ఎదురుగా పట్టాల మీద ఐదుగురు పని చేసుకుంటున్నారు. మీ చేతిలో లివరుంది. లాగితే బండి పక్క పట్టాల మీదికి మళ్ళుతుంది. అక్కడ ఒక్కడే ఉన్నాడు. లాగుతారా, ఊరుకుంటారా?

అందరూ చేతుల్లోని టీ గ్లాసులు కింద పెట్టారు. జీవితంలో మొదటిసారి తన ప్రశ్న గురించి జనం ఆలోచిస్తున్నారని ఆయన గుండె ఉప్పొంగింది.

“మాస్టారూ, ఆ అయిదుగురూ ఏ యూనియన్ వోలండి?” అని ఒకడు లేచి అడిగాడు.

“పర్మనెంటోలా, కాంట్రాక్టోలా? అది తేల్సకండా ఎలాగ లాగుతాం?” అన్నాడు మరొకడు.

“ఆ ఒక్కడూ మనోడేటి?” అని వెనకనుంచి ఇంకొకడు.

వాళ్ళు ఎవరూ కారనీ, ఉత్త మనుషులేననీ మాస్టారు వివరించారు. ఉత్త మనిషిని ఊహించుకోవడం ఎవరి వల్లా కాలేదు. ఊరూ, కులమూ, యూనియనూ లేని మనిషి ఎలా ఉంటాడో అక్కడెవరూ చూడలేదు. ఆ మాటకొస్తే మాస్టారూ చూడలేదు. కాకపోతే ఆయనకు ఆ సంగతి అప్పటిదాకా తట్టలేదు.

యార్డులో నిజంగానే లివరు లాగే తాతబాబు మాత్రం వాదనలోకి దిగలేదు. బండి వస్తే లాగాలి అన్నంతవరకు పాఠం అర్థం చేసుకుని, అంతకుమించి బుర్ర పాడుచేసుకోకుండా కూర్చున్నాడు. శిక్షణ ముగిశాక ఉత్తమ ఆలోచనాపరుడి బహుమతి అతనికే వచ్చింది.

ప్రయోగాల రుచి మరిగిన యాజమాన్యం ఒక్కదానితో ఆగలేదు. మూసిన పెట్టెలో ఉన్న పిల్లి, పెట్టె తెరిచేదాకా బతికీ చచ్చీ ఉంటుందని మాస్టారు ఒకరోజు సైన్సు గురించి మాటవరసకు చెప్పారు. మర్నాడే స్టోర్సు గది ముందు నోటీసు వెలిసింది. దుమ్ముకు కట్టుకునే మాస్కుల పెట్టె ఇకమీదట తెరవబడదు. తెరవనంత కాలం అందులో మాస్కులు ఉన్నట్లే లెక్క, కావున లేవని ఫిర్యాదు చేయుట శాస్త్ర విరుద్ధం. ఆ నోటీసు చదివి కార్మికులు దగ్గుకుంటూ పనిలోకి వెళ్ళారు.

ఇంతలో ఉదయ్‌కుమార్‌కు ఒక లోపం కనిపించింది. యార్డులో ప్రధాన పట్టాల మీద పని చేసేవాళ్ళు సరిగ్గా ఐదుగురున్నారు. లివరుంది. బ్రేకులు లేవు. కానీ పక్క పట్టాల మీద మనిషి లేడు. మనిషి లేకపోతే ఎంచుకోవడమన్న ప్రశ్నే రాదు, ప్రశ్న రాకపోతే నైతికత ఎలా వస్తుంది అని అతను వాపోయాడు. అలా ‘ప్రత్యామ్నాయ వ్యక్తి’ అనే కొత్త పోస్టు పుట్టింది. చేయవలసిన పని నిలబడడం. పోస్టు పర్మనెంటు.

అచ్యుతరామయ్య గారు కంగారుపడ్డారు. ఇది ఊహించుకోవడానికే గానీ చేయడానికి కాదని చెప్పబోయారు. అప్పటికే ఆయన పేరు తలుపు మీద రాసి ఉన్న గదిలో, ఏసీ కింద కూర్చుని ఉండడం వల్ల, కొంచెం మెల్లగా చెప్పారు. “మీరు ఊహించినదాన్ని మేం ఆచరణలో పెడుతున్నాం సార్. మీ కాలేజీ మీకిచ్చిందా ఈ గౌరవం?” అన్నాడు ఉదయ్‌కుమార్. ఇవ్వలేదన్నది నిజం. అచ్యుతరామయ్య గారు నిజాన్ని గౌరవించే మనిషి.

పోస్టుకు దరఖాస్తులు గోనెసంచుల్లో వచ్చాయి. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, పాడేరు నుంచి కుర్రాళ్ళు సర్టిఫికెట్లు పట్టుకుని దిగారు. నాయకుల సిఫార్సులు వచ్చాయి. చచ్చిపోయే ఉద్యోగంలోనూ మా వాళ్ళకు అన్యాయమేనా అని ఒక సంఘం ధర్నా చేసింది. మా మనిషే నిలబడాలని రెండు యూనియన్లూ గేటు దగ్గర కొట్టుకున్నాయి. యాజమాన్యం వారి గురువుగారు పట్టాలకు పసుపూ కుంకుమా పెట్టించి అనుగ్రహ భాషణం చేశారు. “నాయనలారా! దేహం పోతుంది, ఆత్మ పోదు. బండి దేహం మీద నుంచే వెళ్తుంది కనుక, తత్వతః ఇక్కడ ప్రమాదమనేదే లేదు,” అని సెలవిచ్చి, తన కారుకు కొత్త బ్రేకులు వేయించుకున్నాక బయల్దేరారు.

చివరికి రాజీ కుదిరింది. ఏ యూనియన్‌లోనూ లేనివాడూ, ఎవరి మనిషీ కానివాడూ అయిన సింహాద్రిని ఎంపిక చేశారు. మాస్టారు ఊహించుకోమన్న ఉత్త మనిషి ఎట్టకేలకు దొరికాడు.

సింహాద్రి చోడవరం దగ్గర పల్లె నుంచి వచ్చినవాడు. ఏళ్ళ తరబడి కాంట్రాక్టరు కింద బొగ్గు ఎత్తాడు. ఉద్యోగం వచ్చిన రోజు భార్య పుష్పతో కలిసి సింహాచలం వెళ్ళి తలనీలాలిచ్చి, నున్నటి గుండుతో మాస్టారి గదికి ప్రసాదం తెచ్చాడు. మాస్టారు పులిహోర పొట్లం పక్కన పెట్టారు.

“సింహాద్రీ, బండి వస్తే పక్కకి గెంతెయ్. తెలిసిందా?”

“గెంతితే డ్యూటీ సేసినట్టు కాదంట మాస్టారూ. బండొచ్చినా రాపోయినా కదలొద్దని ఆర్డర్లో రాసీసేరు,” అన్నాడు సింహాద్రి.

“ప్రాణం కంటే ఆర్డరు ఎక్కువా?”

పుష్ప కలగజేసుకుంది. “ఇన్నాల్లూ బొగ్గు కింద సచ్చిపోతాడేటోనని బయ్యిం. అప్పుడు పోతే కాంట్రాక్టోడు ఎవులో తెల్దనీసేవోడు. ఇప్పుడు పేరున్నాది, కార్డున్నాది. పిల్లలకి ఈఎస్ఐలో మందులిత్తన్నారు. మీ దయ వల్లేనండి.”

తన దయ ఏమిటో తెలియక మాస్టారు తల ఊపారు. ఆ మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే, ఎండలో, పక్క పట్టాల మధ్య, ఆకుపచ్చ టోపీ పెట్టుకుని సింహాద్రి నిలబడి ఉన్నాడు. ఆయన చూస్తున్నారని గమనించి చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. ఆయన కిటికీ తెర వేసుకున్నారు.

తర్వాత ఆలోచనా వారోత్సవాలు వచ్చాయి. యార్డు అంచున షామియానా వేశారు. ఎండీ గారు మాట్లాడే వేళకు జనం పలచగా ఉన్నారని, చప్పట్ల కోసం ప్రధాన పట్టాల మీది ఐదుగురినీ పిలిపించి ముందు వరసలో కూర్చోబెట్టారు. వేదిక మీద మాస్టారికి శాలువా కప్పారు. “మన దేశం ప్రపంచానికి ఆలోచన ఇచ్చింది. మన యార్డు ఆ ఆలోచనకు పట్టాలు వేసింది,” అని ఎండీ గారు గంభీరంగా అంటుండగా, దూరంగా ఒక వ్యాగన్ ఎవరితోనూ చెప్పకుండా కదిలింది.

మొదట చూసింది మాస్టారే. చూడగానే అరిచి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. ఆయన అరవలేదు, ఆలోచించారు. ప్రధాన పట్టాలు ఖాళీగా ఉన్నాయి గదా, బండి తిన్నగా పోయి ఇసుక దిబ్బకు కొట్టుకుని ఆగుతుంది, ఎవరికీ ఏమీ కాదు, సభా మర్యాద ఎందుకు చెడగొట్టడం అనుకున్నారు. తర్కంలో ఎక్కడా తప్పు లేదు. అంతలో తాతబాబు లివరు లాగాడు.

బండి మళ్ళింది. సింహాద్రి దాన్ని చూశాడు. కదలలేదు. మరీ దగ్గరికి వచ్చాక, ఆర్డరు చదవని ఒళ్ళు కాబట్టి, గెంతింది. ఒక కాలు వెనకబడింది.

అప్పటికి మాస్టారి నోట్లోంచి అరుపు వచ్చింది. షామియానాలో అందరూ అది ఉపన్యాసానికి స్పందన అనుకుని చప్పట్లు కొట్టారు.

విచారణ నిష్పక్షపాతంగా జరిగింది. ఎవరూ లేని పట్టాల మీద నుంచి మనిషి ఉన్న పట్టాల మీదికి బండిని ఎందుకు మళ్ళించావని అడిగితే, “బండొత్తే లాగమన్నారు. లాగేను,” అన్నాడు తాతబాబు. ఆ జవాబులో కమిటీకి దోషం కనిపించలేదు. ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టిన ఐదుగురూ టీవీలో కళ్ళనీళ్ళు పెట్టుకుని, తాము మృత్యువు నోట్లోంచి ఎలా బయటపడ్డారో వర్ణించారు. ఐదు ప్రాణాలు దక్కాయని, ప్రయోగం విజయవంతమైందని నివేదిక తేల్చింది. బ్రేకుల ప్రస్తావన అందులో లేదు. అవి ప్రయోగ పరిధిలోకి రావట.

అచ్యుతరామయ్య గారు క్షమాపణ చెప్పుకోవాలని, దారి పొడవునా మాటలు కూర్చుకుంటూ ఆసుపత్రికి వెళ్ళారు. సింహాద్రి మోకాలి కింద దుప్పటి చదునుగా పరుచుకుని ఉంది. పుష్ప స్టూలు తుడిచి వేసింది.

“సింహాద్రీ, నేను...” అని మొదలుపెట్టారు.

“ఎవులో బీటెక్ సదివినోణ్ణి నిలబెట్టీసేరంట మాస్టారూ,” అన్నాడు సింహాద్రి. గొంతులో ఏడుపు. “నాను బతికే ఉన్నాను గదేటి. నా పోస్టు ఇంకొకడికి ఎలాగిత్తారు?”

“నిలబడ్డమే గదండి పని,” అంది పుష్ప. “కర్ర పట్టుకుని ఒంటికాలి మీద నిలబడతాడు. మీరు ఒక్క మాట సెప్తే ఇంటారు. మీ కాల్లట్టుకుంతాను.”

ఆయన కూర్చుకొచ్చిన మాటల్లో దీనికి సరిపోయేది లేదు. అక్కడి నుంచే ఉదయ్‌కుమార్‌కు ఫోన్ చేశారు. అవతలి నుంచి ఉత్సాహమైన గొంతు వినిపించింది. “మీరు అడగడం, మేం కాదనడమూనా సార్? వికలాంగుల కోటా ఒకటి ఎప్పటినుంచో నిండడం లేదు, అందులో తీసేసుకుంటాం. పైగా అతను ఆఖర్లో గెంతేశాడని ఆడిట్ వాళ్ళు అభ్యంతరం రాశారు. ఇప్పుడిక ఆ ఇబ్బంది కూడా ఉండదు.”

మాస్టారు ఫోన్ జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసుకుంటారట అని చెప్పారు. పుష్ప అన్నంత పనీ చేసి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టింది. ఆయన కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. సింహాద్రి కళ్ళు తుడుచుకున్నాడు. వార్డులో వాళ్ళంతా దేవుడులాంటి మనిషన్నారు. అన్ని రోజుల తర్వాత మొదటిసారి ఆయన గుండె తేలికపడింది. ఒకరికి మేలు చేశామన్న తృప్తి తత్వశాస్త్రంలో దొరికేది కాదని ఆయనకు అనిపించింది.

వెళ్ళబోతుంటే పక్క మంచం దగ్గర కూర్చున్న గంగాలమ్మ అనే ఆవిడ కొంగు సర్దుకుంటూ అడ్డం వచ్చింది. “బాబూ, మా పెద్దోడు డిగ్రీ సేసి ఖాళీగా ఉన్నాడు. అక్కడ ఇంకేటైనా పోస్టులున్నాయేటి?”

అచ్యుతరామయ్య గారు కాసేపు ఆలోచించి, కుర్రాడికి కాళ్ళు రెండూ ఉన్నాయా అని అడిగారు.

ఉన్నాయని ఆవిడ గర్వంగా చెప్పింది.

“అయితే కొంచెం కష్టమేనమ్మా,” అన్నారాయన, నిజంగానే విచారిస్తూ.